ఆజం పీకిన వైరు

నస్రీన్ ఏం పని చేస్తుందని తిమ్మాజిపేటలో ఎవరిని అడిగినా ఏదో ఒక జవాబు చెబుతారు. ఆ ఊళ్ళో తెలియదు అనడం మర్యాద కాదు. కొందరు కంప్యూటర్ పని అంటారు. కొందరు ఇంట్లో కూర్చుని జీతం తీసుకునే పని అంటారు. ఆమె అత్తగారు మాత్రం, "పొద్దుందాక తెర దిక్కు చూస్తది, నడుమ నడుమ అయ్యో అంటది" అని చెబుతుంది. అందరిలో అత్తగారి మాటే నిజానికి దగ్గర.

అసలు సంగతి ఇదీ. కంప్యూటర్‌కు డిస్క్ మాట తెలియదు, డిస్క్‌కు కంప్యూటర్ తొందర తెలియదు. ఆ రెండింటి మధ్య నిలబడి, ఇది రాసుకో, రాశావా, నిజంగానే రాశావా అని అడిగే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. ఆ డ్రైవర్లలో తప్పులు వెతికి సరిచేయడం నస్రీన్ పని. ఆమె పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ ఎవరి సొంతమూ కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాస్తారు. ఎవరైనా ఒక సవరణ రాస్తే ఈమెయిల్‌లో అందరికీ పంపాలి. ఆ సిస్టమ్‌ను కాపలా కాసే పెద్దవాళ్ళు చదువుతారు, వంక పెడతారు, మళ్ళీ చదువుతారు, మళ్ళీ వంక పెడతారు. వంకలు అయిపోయిన రోజు తీసుకుంటారు. నస్రీన్ జీతం మాత్రం హైదరాబాద్‌లోని ఒక కంపెనీ ఇస్తుంది. కరోనా అప్పుడు ఇంటికి పంపారు, మళ్ళీ రమ్మనడం మరిచిపోయారు. ఆమె గుర్తు చేయలేదు.

2021 ఎండాకాలంలో ఆమె మొదటి సవరణను పెద్దలు తీసుకున్నారు. దాని కథ చిన్నదే. డిస్క్ మధ్యలో తడబడి మళ్ళీ లేస్తే, కంప్యూటర్ దాని జవాబు కోసం ఎదురుచూస్తూ మొత్తానికే బిగుసుకుపోయేది. నస్రీన్ నాలుగు లైన్లు రాసి ఆ బిగుసుకుపోవడాన్ని మాన్పించింది. ఆరు నెలలు పట్టింది.

"నాలుగు లైన్లకు ఆరు నెలలా?" అన్నది తల్లి షరీఫాబీ. ఆమె బట్టలు కుడుతుంది. "ఆరు నెలల్ల నేను ఊరు మొత్తానికి కుట్టిన."

అన్నదే కానీ ఆ రోజు పెద్ద గిన్నె నిండా ఖీర్ వండి వాడంతా పంచింది. తండ్రి ఆజం ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆయనకు ఊరి చివర రోడ్డు మీద రోష్నీ ఫోటో స్టూడియో ఉంది. ఫోటోలు తీస్తాడు, ఫ్రేములు కడతాడు. బిడ్డ రాసిన నాలుగు లైన్లను, వాటి పైన ఉన్న ఇంగ్లీషు శీర్షికను, కింద ఉన్న నస్రీన్ పేరును పెద్దగా ప్రింటు తీసి, బంగారు రంగు అంచుతో ఫ్రేము కట్టి, స్టూడియోలో కంప్యూటర్‌కు సరిగ్గా పైన గోడకు వేలాడదీశాడు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్ళు అదేందని అడిగితే, "మా బిడ్డ రాసింది, దునియా మొత్తం నడుస్తున్నది" అనేవాడు. ఏం నడుస్తున్నదో ఆయనకు తెలియదు. అడిగినవాళ్ళకు అంతకన్నా తెలియదు. అందుకే మాట బాగా కుదిరేది.

ఇక ఆ స్టూడియో కరెంటు సంగతి చెప్పాలి. విసుక్కోకండి, కథంతా అందులోనే ఉంది. స్టూడియో ఊరి చివర కాబట్టి పొలాల బోర్లు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మీదే దాని కనెక్షన్. లోపల ఒక ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయినా దాని మీద మూడు వస్తువులు నడుస్తాయి, ఎందుకంటే దానికి ఉన్నవి మూడే ప్లగ్గులు. ఒకటి కంప్యూటర్‌కు. ఒకటి తెరకు. మూడోది టేబుల్ ఫ్యాన్‌కు. ఫోటో దిగే పెండ్లిపిల్ల ముఖానికి చెమట పట్టకూడదన్నది ఆజం నలభై ఏళ్ళ నియమం. అందువల్ల, పెండ్లి వీడియోలు దాచే డిస్క్ ఉందే, దాని ప్లగ్గు నేరుగా గోడకే. కరెంటు ఊగితే కంప్యూటర్‌కు తెలియదు. డిస్క్‌కు మాత్రం తెలుస్తుంది.

ఆ ఏడు డిసెంబర్‌లో శ్రీజ పెండ్లి అయింది. శ్రీజ తండ్రి నాగన్న ఎట్లాంటివాడంటే, చిన్నప్పటి నుంచి పెళ్ళిళ్ళలో కుర్చీలు వేసి, కుర్చీలు ఎత్తి, మధ్యలో ఏమీ చేయని మనిషి. నవ్వడం కూడా అరుదు. అలాంటివాడు బిడ్డ బరాత్ నాడు, ఊరేగింపులో బ్యాండు మోగుతుంటే, ఉన్నట్టుండి భుజం మీది తువ్వాల తీసి భార్య మల్లమ్మ చేతిలో పెట్టి, గుంపులోకి దిగి ఆడాడు. ఊరంతా నోరు తెరిచింది. బడి దగ్గర మొదలుపెట్టి, స్టూడియో ముందు నుంచి మైసమ్మ గుడి మలుపు దాకా ఆడాడు. ఆజం వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒకసారి మురికినీళ్ళ మోరీలో కాలు పడినా కెమెరా కదలకుండా అంతా తీశాడు.

మరునాడు పొద్దున కెమెరా కార్డులోని బరాత్‌ను డిస్క్‌లోకి దింపాడు. పూర్తయిందని తెర మీద వచ్చింది. వైరు పీకాడు. సాయంత్రం ఇంకో ఊళ్ళో పెండ్లి ఉంది కనుక కార్డు తుడిచేశాడు. ఆ పెండ్లి వీడియోను ఆ మరునాడు అదే డిస్క్‌లో వేశాడు. లగ్గాల కాలంలో ఏ ఫోటో స్టూడియోలో అయినా జరిగేది ఇదే.

నలభై దినాలకు నాగన్న గుండె ఆగి పోయాడు. దవాఖాన దాకా కూడా పోలేదు. దినాలు అయ్యాక మల్లమ్మ స్టూడియోకు వచ్చి, "అన్నా, ఆ ఆట ఒక్కసారి చూపియ్యి" అన్నది. ఆజం డిస్క్ పెట్టాడు. పెండ్లి ఉంది, అప్పగింతలు ఉన్నాయి, భోజనాలు ఉన్నాయి. బరాత్ లేదు.

ఆజం ఆ దినం అన్నం తినలేదు. నస్రీన్‌ను పిలిపించాడు. ఆమె పని నడుమ వచ్చి, డిస్క్‌ను పది నిమిషాలు చూసింది. బరాత్ ఎక్కడుందో రాసుకున్న పట్టిక డిస్క్ మీదికి ఎక్కలేదు. పట్టికలో లేదు కనుక అక్కడంతా ఖాళీ అనుకుని, తర్వాతి పెండ్లి సరిగ్గా దాని మీదే కూర్చుంది. ఇక దేవుడు దిగివచ్చినా రాదు.

"అబ్బా, నువ్వు వైరు ముందే పీకినవ్," అన్నది నస్రీన్. తండ్రిని ఆమె అబ్బా అనే పిలుస్తుంది.

"అయిపోయిందని చెప్పినంకనే పీకిన," అన్నాడు ఆజం. "ట్యూబ్‌లైటు కన్ను కొట్టింది. ఎందుకైన మంచిదని ఇంక రెండు నిమిషాలు ఆగి పీకిన."

"ట్యూబ్‌లైటుకు దీనికి ఏం సంబంధం? కంప్యూటర్ అబద్ధం చెప్పదు, అబ్బా."

ఆజం డిస్క్‌ను తీసి సొరుగులో పెట్టాడు. నస్రీన్‌కు మీటింగు ఉంది, వెళ్ళిపోయింది.

తర్వాత ఊరు తన పని తాను చేసింది. ఆజం భాయ్ ఒక పెండ్లి మీద ఇంకో పెండ్లి ఎక్కించాడని, అడిగితే కంప్యూటర్ మీదికి తోస్తున్నాడని చెప్పుకుంది. మల్లమ్మ ఒక్క మాట అనలేదు. కానీ స్టూడియో ముందు నుంచి పోవడం మానేసి పక్క సందులోంచి పోసాగింది. మరుసటి లగ్గాలకు ఆజం వీడియో కెమెరాను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. ఎవరు అడిగినా, "కండ్లు సరిగ కనిపిస్తలేవు" అనేవాడు. ఆ కండ్లతోనే వెంట్రుకవాసి తేడా లేకుండా ఫ్రేముల గ్లాసు కోసేవాడు. పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్రేములు. మూడేళ్ళు అలాగే గడిచాయి.

2025 జనవరిలో నస్రీన్ ఇంట్లో అత్తగారి తరఫు చుట్టాలు దిగారు. చుట్టాలు నెమ్మదిగా మాట్లాడే రకం కాదు. నస్రీన్ రెండు వారాలు స్టూడియోలో కూర్చుని పని చేసుకుంటానని వచ్చింది. ఆజం తన కుర్చీ ఆమెకు ఇచ్చి, తాను స్టూలు మీద కూర్చుని గ్లాసు కోసుకుంటున్నాడు. పదకొండు గంటలప్పుడు ఆమె తన పని ఫైళ్ళను ఒక డిస్క్‌లోకి దింపింది. ఇన్వర్టర్ ప్లగ్గు ఖాళీ లేదు, ఫ్యాన్ తిరుగుతోంది. గోడ ప్లగ్గుకు పెట్టింది. పూర్తయిందని వచ్చింది. టీ తాగి వచ్చి వైరు పీకింది. మధ్యాహ్నం మళ్ళీ పెట్టి చూస్తే డిస్క్ ఖాళీ.

నేనే ముందు పీకానేమో, అనుకుంది మొదట.

అనుకున్న మరుక్షణం గుర్తొచ్చింది. తాను పీకింది టీ తాగి వచ్చాక. పూర్తయిందని చెప్పి అప్పటికి పావుగంట అయింది. పక్కన తండ్రి పెదవులు బిగించి గ్లాసు మీద గీత గీస్తున్నాడు. నస్రీన్ డిస్క్‌ను పక్కకు పెట్టింది. తండ్రికి ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు రుజువు కావాలి. ఆ పనిలో ఉన్నవాళ్ళకు అదొక రోగం.

ఆ రాత్రి పెద్దలకు ఈమెయిల్ రాసింది. డిస్క్ రాయకుండానే డ్రైవర్ రాసింది అంటోందని. వాళ్ళలో ఒకాయన, ఎక్కడో చలిదేశపు మనిషి, మర్యాదగా జవాబిచ్చాడు. తాను డిస్క్ స్విచ్ కట్టేసి, వేసి, పదిసార్లు చూశానని, పదిసార్లూ కంప్యూటర్ సరిగ్గానే తప్పు చూపించిందని, తమ ఇంట్లో కరెంటు పోయి పదకొండేళ్ళయింది కనుక ఇంతకన్నా చేయలేనని రాశాడు. చివర్లో ఒక వాక్యం. బహుశా మీరు వైరు ముందే పీకి ఉంటారు.

నస్రీన్ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. కోపం రావలసిన చోట సిగ్గు వచ్చింది.

ఆమె కూడా స్విచ్ కట్టేసి వేసి చూసింది. నిజమే, ప్రతిసారీ కంప్యూటర్ డిస్క్ పోయిందని గోల పెట్టింది. షరీఫాబీ మిక్సీ తెచ్చి పక్క ప్లగ్గులో తిప్పి చూసింది. కొబ్బరి చట్నీ తయారైంది, ఇంకేమీ కాలేదు. నాలుగో దినం నస్రీన్ కుర్చీ తిప్పి తండ్రి వైపు కూర్చుంది.

"అబ్బా, శ్రీజ బరాత్ దింపిన దినం ఏం జరిగిందో మల్ల ఒక్కసారి చెప్పు."

ఆజం గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకు?"

"ఊకెనే."

ఆయన మూడేళ్ళ కింద చెప్పినదే చెప్పాడు. మాట మారలేదు. "పొద్దున పది గంటలకు పెట్టిన. తెర మీద గీత సగం దాటినంక ట్యూబ్‌లైటు కన్ను కొట్టింది. ఆరిపోలే. కొట్టింది, గంతే. తర్వాత అయిపోయింది అన్నది. రెండు నిమిషాలు ఆగి పీకిన."

"కన్ను కొట్టుడంటే ఎంతసేపు?"

"నస్రీన్, నలభై ఏండ్ల సంది నేను చూస్తున్నది లైటే. అర సెకను. బోరు మోటర్లు అన్ని ఒక్కసారి లేస్తె గట్లనే కొడ్తది. నీకు చెప్పిన. నువ్వు ఇనలే."

ఇక్కడ బోరు మోటార్ల గురించి ఒక మాట. ఆ పక్క పొలాల్లో మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉంటాయి. కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారును లేపే పెట్టె అది. పెట్టవద్దని ప్రతి ఏడూ చెబుతారు. ప్రతి ఏడూ అందరూ సరేనంటారు. తీసినవాడు లేడు. అందువల్ల కరెంటు పోయి వస్తే అన్ని మోటార్లూ ఒక్క ఊపిరిలో లేస్తాయి, తీగల్లో ఉన్నదంతా గుంజుకుంటాయి, అర సెకను పాటు లైట్లు నీరసిస్తాయి. ఆ అర సెకనులో డిస్క్ పూర్తిగా చావదు. చస్తే కంప్యూటర్‌కు తెలిసిపోయేది. తల తిరిగి పడి, వెంటనే లేచి నిలబడుతుంది. అప్పటిదాకా తలలో పెట్టుకున్నదంతా మరిచిపోతుంది. రాశావా అని డ్రైవర్ అడుగుతుంది. డిస్క్ లేచి నిలబడింది కదా, రాసే ఉంటుందిలే అని డ్రైవరే అనుకుని కంప్యూటర్‌కు సరే చెప్పేస్తుంది. ఇది నస్రీన్ అనుమానం. చలిదేశంలో ఈ అర సెకను దొరకదు.

స్టూడియో వెనకాల వెంకట్రాములు పల్లి చేను. ముగ్గురు అన్నదమ్ముల మూడు బోర్లకు మెయిన్ స్విచ్ ఒక్కటే. నస్రీన్ గట్టు మీదికి పోయి అడిగింది.

"కాకా, నేను ఫోన్ చేసినప్పుడు జర మెయిన్ కట్టేసి మల్ల వేస్తవా?"

"ఎందుకు బిడ్డా?"

"మా డిస్క్ తప్పు పట్కోవాలె."

వెంకట్రాములు తన చేను వైపు చూశాడు. "తప్పు దొరికేదాక చేనుకు నీళ్ళు ఎక్కువైతె ఎట్ల?"

"మోటర్లు లేస్తె చాలు కాకా. లేవంగనే బంద్ చెయ్."

"సరె," అన్నాడు. ఇంతకన్నా తక్కువ ప్రశ్నలు ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మొదటిసారే పట్టుబడింది. ఫైలు దింపుతూ ఫోన్ చేసింది, మూడు మోటార్లు లేచాయి, ట్యూబ్‌లైటు కన్ను కొట్టింది, కంప్యూటర్ పూర్తయింది అన్నది, డిస్క్ ఖాళీ. కంప్యూటర్ అబద్ధం చెప్పింది.

ఇప్పుడు ఆ అబద్ధం ఎవరు నేర్పారో తేలాలి. అందుకు వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ పాత కాలంలో బాగుందో, ఏ కాలంలో చెడిందో రెండు చివరలు పట్టుకోవాలి. మధ్యలో వేల సవరణలు ఉంటాయి. సరిగ్గా సగం దగ్గర ఆగి పరీక్ష పెట్టాలి. అక్కడ బాగుంటే తప్పు ఇవతలి సగంలో ఉంది, చెడిపోతే అవతలి సగంలో. మళ్ళీ సగం. మళ్ళీ సగం. పదమూడు సగాలకు ఒక్క సవరణ మిగులుతుంది. ప్రతి సగానికీ ఒక ఫోన్, మూడు మోటార్లు. వెంకట్రాములు దినానికి రెండు కన్నా ఎక్కువ ఒప్పుకోలేదు. ఆరు దినాలు పట్టింది. ఏడో దినం పొద్దున పదమూడో పరీక్ష ముగిసింది.

తెర మీద ఒకే ఒక సవరణ మిగిలింది. దాని శీర్షిక ఇంగ్లీషులో ఒక్క లైను. నస్రీన్ దాన్ని చదవలేదు. చదవక్కరలేదు. తల పైకెత్తింది. అదే లైను బంగారు అంచు ఫ్రేములో, గ్లాసు వెనక, గోడ మీద ఉంది. కింద ఆమె పేరు.

కంప్యూటర్ బిగుసుకుపోకుండా తాను రాసిన నాలుగు లైన్లు. జవాబు రాకపోయినా వచ్చిందనుకో, ముందుకు పో అని చెప్పిన నాలుగు లైన్లు. శ్రీజ పెండ్లికి ముందు, దసరా సెలవుల్లో, తండ్రి కంప్యూటర్‌లోకి వాటిని స్వయంగా ఎక్కించింది కూడా తనే.

ఆమె ఏడ్చింది. శబ్దం లేకుండా, తెర మసకగా కనిపించేంత ఏడ్చింది. ఆజం లేచి ఫ్యాన్‌ను ఆమె వైపు తిప్పాడు. ఆయనకు తెలిసిన వైద్యం అది.

"అబ్బా, నువ్వు వైరు ముందు పీకలే."

"నాకు ఎర్కనే."

"తప్పు ప్రోగ్రామ్‌ది."

"ఎవరు రాసిండ్రు దాన్ని?"

నస్రీన్ గోడ వైపు వేలు చూపించింది. ఆజం అటు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూశాడు.

"ఫ్రేము మాత్రం మంచిగ కుదిరింది," అన్నాడు చివరికి.

"తీసెయ్ అబ్బా దాన్ని."

"ఉండనియ్. ఇన్ని దినాలు చూసి చూసి అలవాటయింది." స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. "ఊరోల్లు అన్నరని నేను కెమెరా పక్కకు పెట్టలే, నస్రీన్. ఊరోల్లు ఏదో ఒకటి అంటనే ఉంటరు. నువ్వన్నవ్. దాని సంగతంత తెలిసిన నా బిడ్డ అన్నది. గప్పుడు నాకు గూడ అనుమానం వచ్చింది, నేనే ముందు పీకిన్నేమోనని. మూడేండ్ల సంది అదే సోచాయిస్తున్న."

"మాఫ్ చెయ్ అబ్బా," అన్నది ఆమె. ఇంకేం అనాలో ఆమెకు తెలియలేదు. నాకూ తెలియదు.

సరిచేయడానికి ఒక్క పూట చాలింది. నాలుగు లైన్లు తీసి తొమ్మిది రాసింది. డిస్క్ తడబడి లేస్తే ఇక డ్రైవర్ సరే అనదు, రాయలేదని కంప్యూటర్‌కు నిజం చెబుతుంది. కష్టమంతా పైన రాయవలసిన ఉత్తరంలో వచ్చింది. ఆ పద్ధతిలో ప్రతి సవరణ కిందా కొన్ని పేర్లు ఉండాలి. ఏ పాత సవరణలోని తప్పును ఇది దిద్దుతోంది, అన్నచోట ఆమె తన మొదటి సవరణ పేరే రాసింది. తప్పు మొదట చెప్పినవారు అన్నచోట, ముహమ్మద్ ఆజం, తిమ్మాజిపేట అని రాసింది. పరీక్షకు సాయపడినవారు, వెంకట్రాములు. జరిగిన నష్టం ఏమిటో కూడా రాయాలి. చాలామంది అక్కడ ఫైలు పోయింది అని ఊరుకుంటారు. నస్రీన్ మాత్రం, ఒక పెండ్లి ఊరేగింపు పోయింది, అందులో పెండ్లికూతురు తండ్రి నాగన్న జీవితంలో ఒకే ఒక్కసారి ఆడిన ఆట ఉంది అని రాసింది.

చలిదేశపు పెద్దమనిషి మరునాడు జవాబిచ్చాడు. తొమ్మిది లైన్లూ బాగున్నాయి. అయితే తప్పు చెప్పినవారి పేరు రాస్తే, ఆయన ఎక్కడ చెప్పారో ఆ లింకు కూడా ఇవ్వడం ఆనవాయితీ, లింకు ఏది?

లింకు లేదు, అని రాసింది నస్రీన్. ఆయన మా నాన్న. మూడేళ్ళ కింద నాకు నోటితో చెప్పాడు. నేను నమ్మలేదు.

రెండు దినాలు జవాబు లేదు. మూడో దినం ఒకే ఒక్క లైను వచ్చింది. తీసుకున్నాము, ఉన్నది ఉన్నట్టు.

ఈసారి ఖీర్ వండలేదు. షరీఫాబీ సంగతంతా విని, చేతిలోని బట్ట పక్కకు పెట్టి, "ఫ్యాన్ తీసి ఆ డిస్క్‌ను ఇన్వర్టర్‌కు పెడితే అయిపోతుండె కద?" అన్నది. తండ్రీ బిడ్డా ఇద్దరూ ఆ మాట వినపడనట్టు ఊరుకున్నారు.

నస్రీన్ రాసిన ఉత్తరాన్ని ఆజం ప్రింటు తీశాడు. ఈసారి నల్ల అంచు, సాదా. పాతదాని పక్కన ఖాళీ ఉంది, అక్కడ వేలాడదీసే ముందు దాన్ని చంకలో పెట్టుకుని మల్లమ్మ ఇంటికి పోయాడు. నస్రీన్ వెంట పోయింది. మల్లమ్మ వాకిట్లో పల్లికాయ తెంపుతోంది. ఫ్రేము చూసి, "మా ఆయనది దొరికిందా అన్నా?" అన్నది.

"లేదమ్మా. దొరకది," అన్నాడు ఆజం. "నేను ముందు పీకలేదని తేలింది. గది చెప్పుదామని వచ్చిన."

"నువ్వు పీకినవని నేను ఎన్నడన్న అన్ననా?"

"అనలే. గని మా దిక్కు వచ్చుడు బంద్ చేసినవ్."

మల్లమ్మ కాయలు తెంపడం ఆపింది. "ఆ రోడ్డు మీదనే కదన్నా ఆయన ఆడింది. నేను ఎట్ల నడవాలె ఆడ?"

ఆజం ఫ్రేమును అరుగుకు ఆనించాడు. మూడేళ్ళుగా ఆ సందు గురించి ఆయన అనుకున్నదంతా వేరు. నస్రీన్ అరుగు మీద కూర్చుని, "పెద్దమ్మా, ఇందుల పెద్దనాయన పేరు రాసిన" అని, ఆ రెండు లైన్లు తెలుగులో చదివి వినిపించింది. ఈ ముక్క ఇక ఎవరూ చెరపలేరని, దునియా మొత్తంలో ఆ ప్రోగ్రామ్ చరిత్ర ఉన్న ప్రతిచోటా ఉంటుందని చెప్పింది.

"ఎట్ల ఆడిండో రాయలేదా?" అన్నది మల్లమ్మ.

"లేదు పెద్దమ్మా. అండ్ల గంత జాగ ఉండది."

"పోనీ తియ్. ఆడిండని ఉన్నది కద." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఫ్రేము గ్లాసు మీద పడిన మట్టిని కూడా అదే కొంగుతో తుడిచింది. "అన్నా, ఆదివారం శ్రీజ కొడుకును తొట్టెల్ల వేస్తున్నం. వీడియో నువ్వే తియ్యాలె. కండ్లు కనిపిస్తలేవని నాకు చెప్పకు."

ఆదివారం ఆజం అటక మీది కెమెరాను దించాడు. తొట్టెల పాటలు, పసివాడి ఏడుపు, మల్లమ్మ వాడిని ఎత్తుకుని గిర్రున తిరగడం, అన్నీ తీశాడు. సోమవారం పొద్దున కార్డును కంప్యూటర్‌కు పెట్టాడు. నస్రీన్ కుర్చీలో, ఆయన స్టూలు మీద. ఫ్యాన్ తిరుగుతోంది. డిస్క్ గోడ ప్లగ్గుకే ఉంది, కొన్ని నియమాలు మారవు. గీత సగం దాటాక వెనక పొలంలో మోటార్లు లేచాయి. ట్యూబ్‌లైటు కన్ను కొట్టింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. రాయలేకపోయాను.

"చూసినవా," అన్నాడు ఆజం, ఎవరికో బాగా బుద్ధి వచ్చినంత తృప్తిగా. "ఇప్పుడు నిజం చెప్తున్నది."

మళ్ళీ మొదటి నుంచి దింపాడు. ఈసారి లైటు కదలలేదు. గీత చివరిదాకా పోయింది, పూర్తయిందని వచ్చింది. ఆజం వైరు మీద చేయి వేసి, పీకకుండా ఆగాడు.

"కంప్యూటర్ అయిపోయింది అంటున్నది. నువ్వేమంటవ్?"

నస్రీన్ తెర వైపు చూడలేదు. "నువ్వేమంటే గదే, అబ్బా."

ఆజం తల ఎత్తి ట్యూబ్‌లైటును చూశాడు. అది నిలకడగా వెలుగుతోంది. ఎందుకైనా మంచిదని ఇంకో రెండు నిమిషాలు కూర్చున్నాడు. నస్రీన్ కూడా కూర్చుంది. ఆ తర్వాత ఆయన వైరు పీకాడు.